పాత డెస్క్‌టాప్‌కి బడ్జెట్ గ్రాఫిక్స్ కార్డ్ కొంటున్నారా? ముందు క్యాబినెట్ మూత తీసి ఇవి చూడండి

పోయిన నెలలో హనుమకొండ నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. బీటెక్ సెకండియర్ చదువుతున్నాడు. "అన్నా, పదివేలు జమ చేసిన. గ్రాఫిక్స్ కార్డ్ తీస్కోవాలె. ఏది మంచిదో చెప్పవా?" అన్నాడు. వాడి దగ్గరున్నది ఏదో ఆఫీసులో వాడి తీసేసిన డెస్క్‌టాప్, రీఫర్బిష్డ్‌గా కొన్నాడు. నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, మామూలు హార్డ్ డిస్క్. దాని మీద జీటీఏ 5, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడాలి, వీలైతే వీడియో ఎడిటింగ్ నేర్చుకోవాలి. ఆ పదివేలు ఇంట్లో ఇచ్చినవి కావు. సెలవుల్లో ఒక జిరాక్స్ షాపులో కూర్చుని సంపాదించుకున్నవి.

అప్పటికే ఆన్‌లైన్‌లో ఒక సెకండ్ హ్యాండ్ ఆర్‌ఎక్స్ 580 చూసి పెట్టుకున్నాడు. 8 జీబీ మెమరీ, ఐదున్నర వేలు. "మస్తు చీప్ ఉందన్నా, కొనెయ్యనా?" అని అడిగాడు.

నేను అవును, కాదు ఏమీ చెప్పలేదు. "ముందు క్యాబినెట్ పక్క మూత తీసి లోపల నాలుగు ఫోటోలు పంపురా, తర్వాత మాట్లాడదాం" అన్నా. ఎందుకంటే అదే ఆర్‌ఎక్స్ 580తో నేను ఒకసారి చేతులు కాల్చుకున్నా.

2022 సెప్టెంబర్‌లో ఇథీరియం క్రిప్టోకరెన్సీ మైనింగ్ పద్ధతి నుంచి బయటికి వచ్చేసింది. అప్పటిదాకా రాత్రింబవళ్లు మైనింగ్‌లో నడిచిన కార్డులన్నీ ఒక్కసారిగా సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లో పడ్డాయి. నేను అప్పుడు బీటెక్‌లో ఉన్నా. రివ్యూలు చూశా, ధర చూశా, కొనేశా. నా క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 వాట్లు అని ఉంది కదా, సరిపోతుందిలే అనుకున్నా. కార్డ్‌కి కావాల్సిన 8 పిన్ కేబుల్ దాంట్లో లేకపోతే ఒక కన్వర్టర్ కొని తగిలించా. మొదటి రోజు గేమ్ ఓపెన్ చేయగానే పీసీ ఆఫ్ అయ్యేది. మూడో రోజు కాలిన వాసన వచ్చింది. ఎస్‌ఎంపీఎస్ పోయింది, పోతూ పోతూ మదర్‌బోర్డ్‌ని కూడా తీసుకెళ్లింది. కార్డ్ మాత్రం బతికింది, కానీ దాన్ని పెట్టుకోవడానికి పీసీ లేదు.

ఆ దెబ్బతో నాకు అర్థమైంది ఒక్కటే. కొత్త పీసీ అయితే మనం కార్డ్‌ని ఎంచుకుంటాం. పాత పీసీ అయితే, ఏ కార్డ్ పెట్టాలో ఆ పీసీనే చెప్తుంది. మనం చేయాల్సింది అది చెప్పేది వినడం. "పదివేలలో బెస్ట్ కార్డ్ ఏది" అనేది రెండో ప్రశ్న. "నా పీసీ ఏ కార్డ్‌ని మోయగలదు" అనేది మొదటి ప్రశ్న. దానికి జవాబు ఎలా కనుక్కోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

అసలు కార్డ్ అవసరమా?

ముందు ఇది తేల్చుకోండి. బ్రౌజింగ్, ఆఫీస్ వర్క్, కోడింగ్, యూట్యూబ్ మాత్రమే అయితే మీకు గ్రాఫిక్స్ కార్డ్ అక్కర్లేదు. పీసీ స్లోగా ఉందని కార్డ్ కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. పీసీ ఆన్ అవ్వడానికి రెండు నిమిషాలు పడుతోంది, క్రోమ్ తెరిస్తే ఆగిపోతోంది అంటే అది హార్డ్ డిస్క్, ర్యామ్ సమస్య. ఒక సాటా ఎస్‌ఎస్‌డీ వేస్తే వచ్చే తేడా ఏ గ్రాఫిక్స్ కార్డూ తేలేదు.

గేమ్స్ కోసమే అయితే, కొనే ముందు ఇంట్లోనే ఫ్రీగా చేసుకోగలిగే ఒక టెస్ట్ ఉంది. ఇప్పుడున్న పీసీలోనే మీరు ఆడే గేమ్ తెరవండి. రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి, ఇంకా కిందికి తగ్గించండి, గ్రాఫిక్స్ సెట్టింగ్స్ అన్నీ లో పెట్టండి. ఫ్రేమ్ రేట్ బాగా పెరిగితే అడ్డుపడుతున్నది గ్రాఫిక్సే, కార్డ్ వేస్తే ఉపయోగం ఉంటుంది. ఎంత తగ్గించినా ఫ్రేమ్ రేట్ అక్కడే ఉండి, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ 100 శాతం చూపిస్తుంటే మాత్రం అడ్డు ప్రాసెసర్. దానికి ఎంత ఖరీదైన కార్డ్ పెట్టినా గేమ్ అలాగే ఆగి ఆగి నడుస్తుంది.

మొదటి చెకింగ్: ఎస్‌ఎంపీఎస్

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. మదర్‌బోర్డ్ మీదున్న పీసీఐఈ ఎక్స్16 స్లాట్, కార్డ్‌కి గరిష్ఠంగా 75 వాట్ల కరెంట్ ఇవ్వగలదు. కార్డ్‌కి అంతకన్నా ఎక్కువ కావాలంటే ఎస్‌ఎంపీఎస్ నుంచి నేరుగా వేరే కేబుల్ రావాలి. 6 పిన్ కేబుల్ అయితే ఇంకో 75 వాట్లు, 8 పిన్ అయితే 150 వాట్లు.

ఇప్పుడు మీ ఎస్‌ఎంపీఎస్ పక్కన అంటించిన స్టిక్కర్ చూడండి. పైన పెద్దగా రాసిన వాట్లు వదిలేయండి. 12 వోల్ట్స్ అనే గడి కింద ఎన్ని ఆంప్స్ ఉన్నాయో చూడండి. దాన్ని 12తో గుణించండి. అదే మీ ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డ్ రెండూ కలిసి వాడుకోగలిగే అసలు శక్తి. ఉదాహరణకి 12 వోల్ట్స్ దగ్గర 16 ఆంప్స్ అని ఉంటే 192 వాట్లు. పైన 450 అని రాసున్నా సరే, మనకు పనికొచ్చేది ఆ 192 మాత్రమే. నా ఎస్‌ఎంపీఎస్ కథ అదే. ఆర్‌ఎక్స్ 580 ఒక్కటే 185 వాట్లు అడుగుతుంది. ఇంక ప్రాసెసర్‌కి ఏం మిగులుతుంది?

స్టిక్కర్ మీద 12 వోల్ట్స్ రెండు గడులుగా విడిగా ఉంటే రెండూ కలిపేయొద్దు. వాటి కింద రెండింటికీ కలిపి మొత్తం ఎన్ని వాట్లో రాసి ఉంటుంది, అది చూడండి.

ఇంకో మాట. సాటా కేబుల్ నుంచి 6 పిన్‌కి మార్చే కన్వర్టర్లు వంద, రెండొందలకి దొరుకుతాయి. వాటి జోలికి వెళ్లొద్దు. సాటా కనెక్టర్ 12 వోల్ట్స్ మీద ఇవ్వగలిగేది 4.5 ఆంప్స్, అంటే 54 వాట్లు. దాని నుంచి 75 వాట్లు లాగితే ఆ ప్లాస్టిక్ కరుగుతుంది. ఎస్‌ఎంపీఎస్‌లోనే 6 పిన్ కేబుల్ లేదంటే, ఆ కంపెనీ మీకు చెప్తున్నది ఒకటే: ఇది అలాంటి కార్డుల కోసం చేసింది కాదు.

మరి మంచి ఎస్‌ఎంపీఎస్ కొని మార్చుకోవచ్చు కదా? మామూలు అసెంబుల్డ్ పీసీ అయితే హాయిగా మార్చుకోవచ్చు. కానీ డెల్ ఆప్టిప్లెక్స్, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్, లెనోవో థింక్‌సెంటర్ లాంటి ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఎస్‌ఎంపీఎస్ ఆకారం వేరు, మదర్‌బోర్డ్‌కి వెళ్లే కనెక్టర్ కూడా వేరు. బజార్లో దొరికేది అందులో పట్టదు. అలాంటి పీసీ మీదైతే రూల్ సింపుల్: వేరే కేబుల్ అడగని, 75 వాట్లు దాటని కార్డ్ మాత్రమే. కొన్ని చిన్న మోడళ్లలో స్లాట్‌కి ఇచ్చే పవర్ 75 కన్నా కూడా తక్కువ ఉండొచ్చు. మీ మోడల్ పేరుతో సర్వీస్ మాన్యువల్ వెతికితే పీడీఎఫ్ దొరుకుతుంది, అందులో విస్తరణ స్లాట్‌ల పేజీ ఒకసారి చూసుకోండి.

రెండో చెకింగ్: జాగా

స్కేలు తీసుకోండి. నిజంగానే. ఇక్కడ మూడు కొలతలు కావాలి.

ఒకటి ఎత్తు. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో సన్నగా, అడ్డంగా పడుకోబెట్టే రకం ఉంటుంది. వాటిలో సగం ఎత్తు కార్డులే పడతాయి. వీటిని లో ప్రొఫైల్ కార్డులు అంటారు. కొనేటప్పుడు బాక్స్‌లో పొట్టి బ్రాకెట్ కూడా ఉందో లేదో అడగండి. సెకండ్ హ్యాండ్‌లో ఆ చిన్న రేకు ముక్క మిస్సయి ఉంటుంది, తర్వాత అది విడిగా దొరకడం కష్టం.

రెండు మందం. చాలా కార్డులు ఫ్యాన్ వల్ల రెండు స్లాట్‌ల జాగా తీసుకుంటాయి. ఎక్స్16 స్లాట్ పక్కనే ఎస్‌ఎంపీఎస్ గోడ ఉంటే మీకు ఒక్క స్లాట్ మందం ఉన్న కార్డ్ తప్ప వేరే దారి లేదు.

మూడు పొడవు. స్లాట్ వెనక రేకు నుంచి ముందువైపు హార్డ్ డిస్క్ పెట్టే గూడు దాకా ఎన్ని సెంటీమీటర్లు ఉందో కొలిచి రాసుకోండి. కార్డ్ పొడవు కంపెనీ సైట్‌లో మిల్లీమీటర్లలో ఉంటుంది.

మూడో చెకింగ్: స్లాట్ వేగం

ఇది చాలామంది పట్టించుకోరు. ఇంటెల్ రెండో తరం ప్రాసెసర్ అయితే స్లాట్ పీసీఐఈ 2.0. మూడో తరం నుంచి 3.0 వచ్చింది, అయితే మదర్‌బోర్డ్ కూడా సపోర్ట్ చేయాలి. ఇంటెల్‌లో పదో తరం దాకా ఇదే 3.0.

సమస్య ఎక్కడంటే, కొత్త బడ్జెట్ కార్డులు కొన్ని ఖర్చు తగ్గించడానికి 16 లేన్లకి బదులు నాలుగే వాడతాయి. ఏఎండీ ఆర్‌ఎక్స్ 6400, ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ రెండూ అలాంటివే. పీసీఐఈ 4.0 ఉన్న కొత్త బోర్డులో నాలుగు లేన్లంటే సెకనుకి దాదాపు 8 జీబీ డేటా వెళ్తుంది, పర్వాలేదు. అదే కార్డ్‌ని 3.0 బోర్డులో పెడితే 4 జీబీ, 2.0 బోర్డులో పెడితే 2 జీబీ మాత్రమే. పైగా వీటిలో సాధారణంగా ఉండే మెమరీ 4 జీబీయే. అది నిండిపోగానే గేమ్ ఆ సన్న దారిలోంచి ర్యామ్‌తో డేటా మార్చుకోవాలి, అక్కడే గేమ్ జర్క్ అవుతుంది. పెద్ద ట్యాంక్‌కి సన్న పైపు పెట్టినట్టు. అంటే పాత పీసీల కోసం చీప్‌గా వచ్చినట్టు కనిపించే కార్డే పాత పీసీలో ఎక్కువ నష్టపోతుంది.

జీటీఎక్స్ 1650కి 16 లేన్లు, ఆర్‌టీఎక్స్ 3050కి 8 లేన్లు ఉంటాయి. 3.0 బోర్డులో వీటికి చెప్పుకోదగ్గ ఇబ్బంది ఉండదు.

నాలుగో చెకింగ్: ప్రాసెసర్, ర్యామ్

పాత ఐ5లు, అంటే ఐ5 2400, 4590, 6500 లాంటివి నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లు. జీటీఏ 5 లాంటి పాత గేమ్స్‌కి ఓకే. కొత్త పెద్ద గేమ్స్‌కి తేలిపోతాయి. రెండు, మూడో తరం ఇంటెల్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 అనే ఫీచర్ అసలు లేదు, అది నాలుగో తరం నుంచి వచ్చింది. కొన్ని కొత్త గేమ్స్ అది లేకపోతే ఓపెన్ కూడా కావు. కార్డ్ మార్చినా దానికి మందు లేదు.

ర్యామ్ ఒకే స్టిక్ ఉంటే అదే సైజ్‌ది ఇంకోటి వేసి డ్యూయల్ ఛానల్ చేయండి. పాత డీడీఆర్3 స్టిక్ సెకండ్ హ్యాండ్‌లో తక్కువలోనే వస్తుంది. 8 జీబీతో ఇవాళ గేమింగ్ కష్టం, 16 ఉంటే ఊపిరి ఆడుతుంది.

విండోస్ సంగతి కూడా గుర్తుంచుకోండి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలి, టీపీఎం 2.0 ఉండాలి. వేరే దారిలో 11 ఎక్కించుకున్నా, వాలరెంట్ లాంటి గేమ్ విండోస్ 11లో టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ లేకపోతే నడవదు. మీరు ఆడేది అదే అయితే కార్డ్ కొనే ముందే ఇది చూసుకోండి. నాలుగో తరం పీసీ మీద ఇరవై వేలు పెట్టే ముందు కూడా ఒకసారి ఆలోచించండి.

ఐదో చెకింగ్: బయోస్, మానిటర్

2012కి ముందు వచ్చిన చాలా బోర్డుల్లో యూఈఎఫ్ఐ లేని పాత బయోస్ ఉంటుంది. వాటిలో కొత్త కార్డ్ పెడితే స్క్రీన్ మీద ఏమీ రాకపోవచ్చు. కార్డ్ పాడైపోయిందని అనుకుంటాం, కానీ అది బోర్డ్‌కి అర్థం కావడం లేదంతే. బోర్డ్ కంపెనీ సైట్‌లో బయోస్ అప్‌డేట్ ఉంటే ముందే వేసుకోండి.

మీ మానిటర్‌కి నీలం రంగు వీజీఏ పోర్ట్ మాత్రమే ఉందా? ఎన్విడియా 10 సిరీస్ నుంచి కార్డుల్లో వీజీఏకి కావాల్సిన అనలాగ్ సిగ్నల్ లేదు. అలాంటప్పుడు హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే యాక్టివ్ కన్వర్టర్ కొనాలి. ఆ కొన్ని వందలు కూడా బడ్జెట్‌లో వేసుకోండి.

ఇప్పుడు కార్డుల సంగతి

ఐదు చెకింగ్‌లూ అయ్యాక మీ చేతిలో ఒక చిన్న లిస్ట్ మిగులుతుంది. అందులో వచ్చేవి సాధారణంగా ఇవే.

జీటీ 710, జీటీ 730: గేమింగ్ కోసమైతే వద్దు. జీటీ 710 అనేది 2014 నాటి టెక్నాలజీ, దానికి ఎన్విడియా కొత్త గేమింగ్ డ్రైవర్లు 2021లోనే ఆపేసింది. జీటీ 730లో 4 జీబీ మెమరీ ఉన్న మోడల్ చూపించి "నాలుగు జీబీ సార్" అని అమ్ముతారు. అది నిదానమైన డీడీఆర్3 మెమరీ. బలహీనమైన చిప్‌కి ఎన్ని జీబీలు పెట్టినా గేమ్ నడవదు. పాడైన డిస్‌ప్లే పోర్ట్‌కి బదులుగా, రెండో మానిటర్ కోసం అయితే మాత్రం పనికొస్తాయి.

జీటీ 1030: 30 వాట్లే తీసుకుంటుంది, చిన్న క్యాబినెట్‌లలో పడుతుంది. కానీ ఇందులో ఒక మోసం ఉంది. 2017లో వచ్చినదాంట్లో జీడీడీఆర్5 మెమరీ, సెకనుకి 48 జీబీ వేగం. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీతో ఇంకోటి వచ్చింది, దాని వేగం 17 జీబీ కూడా లేదు. బాక్స్ మీద రెండిటికీ జీటీ 1030 అనే ఉంటుంది. డీడీఆర్4ది గేమ్స్‌లో దాదాపు సగానికి పడిపోతుంది. కింద చిన్న అక్షరాలు చదవకుండా కొనొద్దు. పైగా ఇందులో వీడియో ఎన్‌కోడర్ లేదు, గేమ్ రికార్డింగ్‌కి, స్ట్రీమింగ్‌కి కార్డ్ సాయం చేయదు.

జీటీఎక్స్ 1050 టీఐ: 2016లో వచ్చింది, 75 వాట్లు, 4 జీబీ జీడీడీఆర్5. ఏళ్లపాటు పాత పీసీలకి ఇదే దిక్కు. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో మాత్రమే చూడాలి. ఎన్విడియా 10 సిరీస్‌కి 2025 అక్టోబర్‌తో గేమ్ రెడీ డ్రైవర్లు ఆపేసింది. 2028 అక్టోబర్ వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రమే వస్తాయి. పాత గేమ్స్‌కి ఇబ్బంది లేదు, కొత్త గేమ్స్‌కి గ్యారంటీ లేదు. బాగా తక్కువకి వస్తేనే తీసుకోండి.

జీటీఎక్స్ 1650: 2019లో వచ్చింది. 896 కోర్లు, 4 జీబీ, 75 వాట్లు. డ్రైవర్లు ఇంకా వస్తున్నాయి. వేరే కేబుల్ అవసరం లేని మోడళ్లు, లో ప్రొఫైల్ మోడళ్లు రెండూ ఉన్నాయి. కానీ కొన్ని మోడళ్లు 6 పిన్ కేబుల్ అడుగుతాయి, కాబట్టి కార్డ్ చివర ఫోటో తప్పకుండా అడగండి. సెకండ్ హ్యాండ్ బడ్జెట్‌లో నా మొదటి ఓటు దీనికే.

ఆర్‌ఎక్స్ 6400: 2022లో వచ్చింది, 53 వాట్లే. ఒక్క స్లాట్ మందంతో లో ప్రొఫైల్‌లో దొరకడం దీని బలం. నాలుగు లేన్ల సమస్య పైన చెప్పాను. దీంట్లో కూడా వీడియో ఎన్‌కోడర్ లేదు. జాగా అసలు లేనివాళ్లకి, 3.0 బోర్డ్ ఉన్నవాళ్లకి ఓకే. 2.0 బోర్డ్ అయితే వద్దు.

ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ: 2024 ఫిబ్రవరిలో వచ్చింది. 2304 కోర్లు, 70 వాట్లు, సాధారణంగా వేరే కేబుల్ అక్కర్లేదు. లో ప్రొఫైల్‌లో కూడా ఉంది. కేబుల్ లేకుండా పాత పీసీలో పెట్టగలిగే కొత్త కార్డుల్లో గేమింగ్‌కి నేను చెప్పేది ఇదే. రేపు కొత్త పీసీ కట్టుకున్నా తీసి అందులో పెట్టుకోవచ్చు. అయితే ఆర్‌టీఎక్స్ 3050 8 జీబీ అనేది వేరే కార్డ్. అది 130 వాట్లు, దానికి వేరే కేబుల్ కావాలి. పేరు చూసి పొరపాటు పడొద్దు.

ఇంటెల్ ఆర్క్ ఏ380: 6 జీబీ మెమరీ, వీడియో ఎడిటింగ్‌కి చక్కటి ఎన్‌కోడర్. కానీ బోర్డులో రీసైజబుల్ బార్ ఆన్ చేయలేకపోతే గేమ్స్‌లో బాగా పడిపోతుంది. ఇంటెల్ తానే పదో తరం ప్రాసెసర్ నుంచి పైకే వాడమంటోంది. పాత పీసీకి దీన్ని వదిలేయండి.

క్వాడ్రో, టీ సిరీస్: ఇది చాలామందికి తెలియని దారి. ఆఫీసు వర్క్‌స్టేషన్ల నుంచి వచ్చే టీ600, టీ1000 లాంటి కార్డులు ఒక్క స్లాట్ మందం, లో ప్రొఫైల్. టీ600కి 40 వాట్లు, టీ1000కి 50 వాట్లు చాలు. టీ1000లో 1650లో ఉన్నన్ని కోర్లే, 896 ఉంటాయి. గేమ్స్ కూడా ఆడుకోవచ్చు. పోర్టులు మాత్రం మినీ డిస్‌ప్లే పోర్ట్, కన్వర్టర్ అడిగి తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మన సీటీసీకి వెళ్లి నాలుగు షాపులు తిరగండి. ఎక్కడ కొన్నా సరే, డబ్బులు ఇచ్చే ముందు కార్డ్ నడుస్తుండగా చూడాలి. ఫోటో చూసి ముందే యూపీఐ చేయొద్దు.

కార్డ్ పెట్టిన పీసీలో జీపీయూ-జెడ్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఓపెన్ చేయండి. చిప్ పేరు, కోర్ల సంఖ్య, మెమరీ రకం, లేన్లు అన్నీ చూపిస్తుంది. పాత చిప్‌కి కొత్త పేరు పెట్టి బయోస్ మార్చి అమ్మే నకిలీ కార్డులు ఉన్నాయి. ఎన్విడియా పేరుతో ఉన్న అలాంటివాటిని ఈ సాఫ్ట్‌వేర్ ఫేక్ అని చూపిస్తుంది. జీటీఎక్స్ 1050 టీఐ అని చెప్పిన కార్డ్‌కి వీజీఏ పోర్ట్ కనిపిస్తే అక్కడికక్కడే అనుమానించండి. ఆర్‌ఎక్స్ 580లో అసలుది 2304 ప్రాసెసర్లు. 2048 అని చూపిస్తే అది పేరుకే 580, శక్తి 570ది.

తర్వాత ఫర్‌మార్క్ టెస్ట్ ఒక పావుగంట నడపండి. స్క్రీన్ మీద రంగు రంగుల చుక్కలు, గీతలు వస్తే వద్దు. ఫ్యాన్ గరగరమంటే ధర తగ్గించమని అడగండి. బిల్లు ఉంటే సీరియల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వారంటీ ఇంకా ఉందేమో చూడండి.

ఇంటికొచ్చాక పాత డిస్‌ప్లే డ్రైవర్ తీసేసి, పవర్ ప్లగ్ పీకి, ఒకసారి క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుని అప్పుడు కార్డ్ పెట్టండి. స్లాట్ చివర క్లిప్ టక్కుమని పడాలి. మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డ్ నుంచి తీసి కార్డ్‌కి పెట్టడం మర్చిపోకండి. కార్డ్ పెట్టి, కేబుల్ పాత చోటే ఉంచి "ఏం తేడా లేదే" అని ఫోన్ చేసినవాళ్లు నా ఫ్రెండ్స్‌లోనే ఇద్దరున్నారు.

మా తమ్ముడి పీసీ చివరికి ఏం చెప్పింది?

ఫోటోలు వచ్చాయి. సన్నటి ఆఫీసు క్యాబినెట్, కాబట్టి లో ప్రొఫైల్ మాత్రమే. ఎస్‌ఎంపీఎస్ 255 వాట్లు, గ్రాఫిక్స్ కార్డ్‌కి వెళ్లే కేబుల్ లేదు, బజార్లో దొరికేది అందులో పట్టదు. కాబట్టి 75 వాట్లే హద్దు. సర్వీస్ మాన్యువల్‌లో స్లాట్‌కి 75 వాట్లు ఇస్తుందని చూసుకున్నాం. నాలుగో తరం, కాబట్టి స్లాట్ 3.0. పక్క స్లాట్ ఖాళీ, వాడు స్కేలు పెట్టి కొలిస్తే రెండు స్లాట్‌ల మందం పడుతుంది. ర్యామ్ ఒకే స్టిక్.

ఆ ఆర్‌ఎక్స్ 580 కొని ఉంటే? ఎత్తులో పట్టదు, మందంలో ఇరుక్కుంటుంది, కరెంట్ చాలదు. ఐదున్నర వేలు అల్మారాలో అలంకారంగా ఉండేది.

పదివేలని ఇలా పంచాం. 8 జీబీ డీడీఆర్3 స్టిక్ ఒకటి, 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ ఒకటి, మిగిలిన దాంతో సెకండ్ హ్యాండ్ లో ప్రొఫైల్ జీటీఎక్స్ 1650, ఆరున్నర వేలు. మొత్తం పదివేలకి ఓ రెండొందలు మిగిలాయి. జీటీఏ 5 1080పీలో హాయిగా నడుస్తోంది. కౌంటర్ స్ట్రైక్ 2లో పొగ బాంబులు వేసినప్పుడు ఫ్రేమ్స్ పడుతున్నాయి, అది ప్రాసెసర్ వల్ల, దానికి ఏం చేయలేం అని ముందే చెప్పా. వాడికి మాత్రం అన్నిటికన్నా నచ్చింది గేమ్ కాదు. "అన్నా, పీసీ పది సెకన్లల్ల ఆన్ అయితుందే!" అన్నాడు. అది కార్డ్ చేసిన పని కాదు, రెండు వేల లోపు ఎస్‌ఎస్‌డీ చేసిన పని.

కాబట్టి కొనే ముందు ఒక కాగితం మీద ఈ ఐదూ రాసుకోండి: 12 వోల్ట్స్ దగ్గర ఎన్ని ఆంప్స్, 6 పిన్ కేబుల్ ఉందా లేదా, ఎత్తు మందం పొడవు ఎంత, ప్రాసెసర్ ఏ తరం, మానిటర్‌కి ఏ పోర్ట్. ఆ కాగితం జేబులో పెట్టుకుని షాపుకి వెళ్లండి. "ఏ కార్డ్ కావాలి సార్" అని అడిగితే కార్డ్ పేరు చెప్పకండి, ఆ కాగితం చూపించండి.